వంటావిడ కోసం వాట్సాప్‌లో చందా అడగడం సాయమా, పరువు తీయడమా?

కె.ఆర్.పురం అమ్మాయి:
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఫ్లాట్లకి వంట చేసే ఆవిడది కదిరి వైపు. మొగుడు వదిలేసి ఎనిమిది నెలలు, ఇద్దరు పిల్లలు, మూడు నెలల అద్దె బాకీ. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆవిడ ఫోటో, పిల్లల ఫోటో, మొగుడి సంగతి అన్నీ పెట్టి చందా అడిగారు. సాయంత్రానికి 18,500 వచ్చాయి. మర్నాడు ఆవిడ పనికి రాలేదు. ఆ తర్వాతి రోజు వచ్చి, పప్పుకి పోపు పెడుతూ నా వైపు తిరగకుండానే "లిఫ్టులో అందరూ నన్నే జూసి గుసగుసలాడుకుంటాండారు మేడమ్, దుడ్లు మాత్రం వాపసు ఇయ్యలేను, బాడుగ కట్టేసినా" అంది. నాకు నోట మాట రాలేదు. మనం చేసింది తప్పా?

మారతహళ్లి మూర్తి:
తప్పేముందండీ? ఫోటో లేకుండా ఎవరిస్తారు? పోయినేడు మా వీధిలో ఎవరికో ఆపరేషన్ అని వసూలు చేశారు, తీరా చూస్తే ఆపరేషనే లేదు. ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుంది.

సిల్క్ బోర్డు సిగ్నల్:
అసలు చందాలెందుకు? కర్ణాటక ప్రభుత్వం గృహలక్ష్మి కింద ఇంటి ఆడవాళ్లకి నెలకి 2,000 ఇస్తోంది, బస్సు ఉచితం. అప్లై చేయించండి, అయిపోతుంది.

కదిరి కోడలు:
అయిపోదు అన్నా. గృహలక్ష్మికి కర్ణాటక రేషన్ కార్డు కావాలి, ఆవిడది ఆంధ్రా కార్డు అయ్యుంటుంది. ఉచిత బస్సూ అంతే, ఆధార్‌లో ఆంధ్రా అడ్రస్ ఉంటే కండక్టర్ టికెట్ కొట్టాల్సిందే. ఊళ్లో ఉంటే డ్వాక్రా గ్రూపు ఉండేది, పొదుపు ఉండేది, అప్పు పుట్టేది. ఇక్కడికొచ్చాక అక్కడి మనిషీ కాదు, ఇక్కడి మనిషీ కాదు. బియ్యం మాత్రం అదే కార్డు మీద బెంగళూరులోనూ తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఉంది కదా. ఆ సంగతి ఆవిడకి ఎవరైనా చెప్పారా? ఇంకోటి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. మొగుడి మీద మనోవర్తి కేసు కదిరికి పోయి వేయక్కర్లేదు, తానుండే చోటే వేసుకోవచ్చు. 18,500 వసూలు చేసినవాళ్లలో ఒక్కరు ఒక్క పూట సెలవు పెట్టి కోర్టులో ఉండే న్యాయ సేవల ఆఫీసుకి తోడు వెళ్తే దానికంటే ఎక్కువ సాయం.

మారతహళ్లి మూర్తి:
సెలవు పెట్టడం అంత తేలికా అమ్మా? డబ్బు పంపడం పది సెకన్ల పని.

కదిరి కోడలు:
నేనూ అదే అంటున్నా, అది పది సెకన్ల పని.

నెల్లూరు పెద్దమనిషి:
మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 90ల మొదట్లో సారా మీద తిరగబడ్డారు. వాళ్ల కోసం ఎవరూ చందా వేయలేదు. రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నచోట ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటే అందరి ఇంట్లోనూ అదే గోల అని తేలింది. 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా బంద్. వాళ్లూ కష్టం చెప్పుకున్నారు, కానీ తమలాంటి వాళ్లకి చెప్పుకున్నారు, లిఫ్టులో ఎదురయ్యే ఓనర్లకి కాదు. మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆడవాళ్లందరూ కూర్చోడానికి ఆదివారం ఒక గది ఇవ్వండి చూద్దాం. ఇస్తారా? క్లబ్‌హౌస్ బుకింగ్‌కి డబ్బు కట్టమంటారు.

సిల్క్ బోర్డు సిగ్నల్:
పెద్దాయనా, సారా ఉద్యమం వేరు, అద్దె బాకీ వేరు. ఓనరు సామాను బయట పడేస్తుంటే మీటింగ్ పెట్టుకోమంటారా?

హెచ్ఏఎల్ అక్క:
అన్నీ మాట్లాడారు, ఒక్కటి ఎవరూ అడగలేదు. నాలుగు ఫ్లాట్లలో ఆవిడకి జీతం ఎంత? ఆఖరిసారి ఎప్పుడు పెంచారు?

కె.ఆర్.పురం అమ్మాయి:
అక్కా, సిగ్గుగా ఉంది. మా ఇంట్లో 3,000, మూడేళ్లుగా అదే. మీ మెసేజ్ చూశాక ఈ నెల నుంచి 800 పెంచాను. ఫోటో తీసేయమని గ్రూపులో అడిగితే "లెక్క చూపించాలి కదా" అన్నారు, గొడవ పడితే తీశారు. గురువారం సెలవు పెట్టాను, లాయర్ సంగతి కనుక్కోవడానికి ఆవిడతో వెళ్తున్నా, అది కూడా ముందు ఆవిడని అడిగాకే. మిగతా మూడు ఫ్లాట్లలో జీతం మాట ఎత్తితే ఒకరు సరే అన్నారు, ఒకరు మెసేజ్ ఇంకా చూడలేదు, మూడో ఆవిడ "మొన్నేగా చందా ఇచ్చాం" అన్నారు.