హైస్కూల్ పిల్లల్ని గ్రామ సచివాలయానికి ఇంటర్న్‌షిప్‌కి పంపాలా?

సోషల్ టీచర్:
పెద్దయ్యాక ఏమవుతారంటే మా తొమ్మిదో తరగతిలో సగం మంది కలెక్టర్ అంటారు. సర్వేయర్ ఏం చేస్తాడో చెప్పమంటే ఒక్క చెయ్యి లేవదు. ఆంధ్రాలో 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యాయి. సర్వేయర్, ఏఎన్ఎం, మహిళా పోలీస్, డిజిటల్ అసిస్టెంట్ అందరూ ఊళ్లోనే పనిచేస్తున్నారు. వేసవిలో రెండు వారాలు వాళ్ల వెంట తిప్పితే బాగుంటుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

పదో తరగతి అమ్మాయి నాన్న:
వద్దు మాస్టారూ. డిగ్రీలో ఉండగా నేను ఒక ఆఫీసులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. జిరాక్సులు తీయించారు, టీలు తెప్పించారు, అంతే. పద్నాలుగేళ్ల పిల్లని కూర్చోబెట్టి ఎవరు నేర్పుతారు? పైగా అక్కడ ఊరందరి ఆధార్లు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఉంటాయి. ఎవరి పింఛను ఎందుకు ఆగిందో పక్కింటి పిల్లకి తెలియడం నాకు నచ్చదు.

వెల్ఫేర్ అసిస్టెంట్:
కాగితాల విషయంలో మీరన్నది నిజం అన్నయ్యా. లాగిన్ దగ్గరికీ దరఖాస్తుల దగ్గరికీ పిల్లల్ని రానివ్వకూడదు. బయట చేసే పని మాత్రం చూడనివ్వండి.

ఒకటో తారీఖున తెల్లారకముందే పింఛన్లకి బయల్దేరతాం. ఒకసారి సెలవుల్లో మా అక్క కూతురు వెంట వచ్చింది. ఒక ఇంట్లో పింఛను తీసుకునే అవ్వని అడిగాకే దాన్ని లోపలికి తీసుకెళ్లాను. అవ్వ వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి మిరప కోసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి మూడుసార్లు పెట్టించాను, పడలేదు. చివరికి వెలుతురు కోసం అరుగు మీదకి తీసుకొచ్చి ముఖం స్కాన్ చేస్తే తీసుకుంది. అవ్వ నోట్లు నాతో రెండోసారి లెక్కపెట్టించుకుని కొంగున ముడేసుకుంది. దారిలో పిల్ల అడిగింది, "ముఖం కూడా పట్టకపోతే అవ్వకి డబ్బులివ్వరా పిన్నీ?" అని. ఆ ప్రశ్న పుట్టాలంటే ఆ అరుగు మీద నిలబడాల్సిందే. కోచింగ్ మెటీరియల్‌లో అది దొరకదు.

సోషల్ టీచర్:
2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోమంది. సర్వేయర్, ఏఎన్ఎం దగ్గరికి ఎందుకు పంపకూడదు? రెండు వారాలు ఎక్కువనిపిస్తే వారం చాలు. టీచర్ ఒకరు వెంట ఉంటాం.

పదో తరగతి అమ్మాయి నాన్న:
టీచర్ ఉంటే, పొలం కొలతలకి మా అమ్మాయిని పంపుతాను. జిరాక్స్ మెషిన్ దగ్గర నిలబెట్టారని తెలిస్తే మాత్రం ఆ రోజే ఇంటికి తెచ్చేసుకుంటాను.