తైవాన్ స్ప్రేయర్ పావుగంట నడిచి ఆగిపోతోంది, ఏం చూడాలి?

పల్నాడు మిరప:
మిరప పూత మీద ఉంది. పూలు దులిపితే నల్ల తామర పురుగులు రాలుతున్నాయి, మందు ఆపే పరిస్థితి లేదు. నా టూ స్ట్రోక్ తైవాన్ స్ప్రేయర్ (వీపున మోసే పెట్రోలు ఇంజను పంపు) పొద్దున తాడు లాగగానే అందుకుంటుంది. పావుగంట తర్వాత ఎక్సలేటర్ పెంచితే మూలిగి ఆగిపోతుంది. కాసేపు నీడలో పెడితే మళ్లీ నడుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ కడిగాను, ప్లగ్గు కొత్తది వేశాను. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కలుపుతాను. కార్బొరేటర్ మార్చేయాలా? నరసరావుపేట చుట్టుపక్కల డయాఫ్రం కిట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు తోడే పలుచటి పొర సెట్టు) ఎక్కడ దొరుకుతుంది? దీన్ని వదిలేసి బ్యాటరీ పంపు కొనడం మేలా?

కోనసీమ కొబ్బరితోట:
40 మిల్లీలీటర్లా? రోగం అక్కడే ఉంది. నేను బ్రష్ కట్టర్‌కు 20కి మించి పోయను. సైలెన్సర్ విప్పి చూడండి, పొగ బయటికి పోయే చోట జాలీ మసితో మూసుకుపోయి ఉంటుంది. పొగ పోకపోతే కొత్త గాలి లోపలికి ఎలా వస్తుంది?

వరంగల్ మెకానిక్:
అన్నా, 20 పోయమని ఎవరికీ చెప్పకండి. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను. గీతలు పడి నా బల్ల మీదికి వచ్చిన సిలిండర్లలో ఎక్కువ భాగం ఆయిల్ పొదుపు చేసినవే. మసి పడితే గీకి తీయవచ్చు. పిస్టన్ పట్టేస్తే సగం ఇంజను కొనాలి. నా దగ్గరికి వచ్చేవారికి 50 పోయమనే చెబుతాను.

కోనసీమ కొబ్బరితోట:
50 పోస్తే ఏమవుతుందో కూడా చెప్పండి. కార్బొరేటర్ జెట్‌లోంచి, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రంలోంచి, వెళ్లే ద్రవం అంతే ఉంటుంది. అందులో ఆయిల్ పెరిగిన మేర పెట్రోలు తగ్గుతుంది, గాలి పాలు ఎక్కువవుతుంది, ఇంజను ఇంకా వేడెక్కుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంటే 20, 25:1 అని ఉంటే 40. ఇందులో అనుభవంతో తేల్చాల్సింది ఏముంది?

వరంగల్ మెకానిక్:
పుస్తకం రాసినవాళ్లు తమ సొంత డబ్బా ఆయిల్ పోస్తారనుకుని రాశారు. ఊళ్లో డ్రమ్ములోంచి విడిగా కొలిచి అమ్మే ఆయిల్‌కు ఆ లెక్క ఎలా సరిపోతుంది? ఎండలో రోజంతా వీపు మీద మోసే రైతు యంత్రం వేరు, పెరట్లో వారానికొకసారి తీసే యంత్రం వేరు.

కోనసీమ కొబ్బరితోట:
నాది పెరటి యంత్రం కాదు. కొబ్బరితోటలో రోజూ గడ్డి కోస్తాను. చేతిలో పుస్తకం ఉన్నవాడిని తెలియనివాడిగా తీసిపారేయకండి.

చిత్తూరు మామిడి:
పల్నాడు తమ్ముడూ, ట్యాంకు మూతలో గాలి రంధ్రం చూశావా? ఇంజను ఆగిన వెంటనే మూత తిప్పి చూడు.

నిజామాబాద్ పసుపు:
మీరిద్దరూ ఆయిల్ గురించి కొట్లాడుకుంటున్నారు, పెట్రోలు మాట ఎవరూ ఎత్తడం లేదు. 2023 నుంచి బంకుల్లో ఈ20 వస్తోంది, అంటే వందలో ఇరవై పాళ్లు ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగుతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేదీ అడుగునే. కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. అంటే ఇంజనులోకి ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్ వెళుతుంది. మీరు 20 పోసినా 50 పోసినా అక్కడ ప్రయోజనం సున్నా.
నమ్మకం లేకపోతే ఆయిల్ కలపని పెట్రోలు గాజు సీసాలో పోసి, దానికి కొద్దిగా నీళ్లు కలపండి. నీటి మట్టం దగ్గర గీత పెట్టి, బాగా కుదిపి నిలకడగా ఉంచండి. అడుగున గీతకు పైదాకా పెరిగినదంతా ఇథనాల్. ఆ సీసాలోది మళ్లీ ఇంజనులో పోయకండి. మా ఊళ్లో పసుపు తవ్వకాల తర్వాత పెట్రోలుతోనే మూలన పెట్టిన స్ప్రేయర్లు తొలకరికి ఒక్కటీ అందుకోలేదు. పైపులు జిగటగా మారాయి, పెట్రోలు ఎక్కించడానికి నొక్కే ప్రైమర్ బుడగ పగిలింది.

వరంగల్ మెకానిక్:
ఇథనాల్ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన రోజూ కొట్టే యంత్రం గురించి అడిగారు, మూలన పెట్టిన దాని గురించి కాదు. డయాఫ్రం విప్పి వేళ్ల మధ్య వంచి చూడండి. మంచిదైతే మెత్తగా వంగుతుంది. గట్టిపడి పాత ఎక్స్‌రే ఫిల్ములా టపటపలాడితే అది పెట్రోలు తోడలేదు. కార్బొరేటర్ మొత్తం మార్చనక్కర్లేదు, కిట్టు చాలు.

అనంత వేరుశనగ:
నాది ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్, హోండా జీఎక్స్35 ఇంజను. 35.8 సీసీ, క్రాంక్‌కేసులో పట్టే ఆయిల్ 100 మిల్లీలీటర్లే. పనికి వచ్చిన కుర్రాడు టూ స్ట్రోక్ అనుకుని కలిపిన పెట్రోలు పోశాడు, పొగ మేఘంలా కమ్మింది. ట్యాంకు కడిగి కొత్త పెట్రోలు పోస్తే సర్దుకుంది. అందుకే నా డబ్బాల మీద రంగుతో పెద్దగా రాయించాను. దయచేసి అందరూ రాయించండి.

కోనసీమ కొబ్బరితోట:
రాయడం మంచి పనే. కానీ టూ స్ట్రోక్ వాళ్లకు నిష్పత్తి కూడా రాయాలి, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పోయకుండా.

కృష్ణా డెల్టా వరి:
ట్యాంకు మూత వదులు చేయమని చెప్పినది ఎవరు? వీపు మీద వేసుకునే యంత్రం అది! పెట్రోలు కారి వేడి సైలెన్సర్ మీద పడితే మనిషి కాలిపోతాడు. ఇలాంటి సలహాలు ఇచ్చేముందు ఆలోచించాలి.

చిత్తూరు మామిడి:
వదులు చేసి నడపమని నేను అనలేదు, నా మాట మళ్లీ చదవండి. ఇంజను ఆగింది, దించి నేల మీద పెట్టాము, అప్పుడు మూత తిప్పాలి. లోపలికి గాలి పీల్చిన 'స్స్' శబ్దం వస్తే రంధ్రం మూసుకుపోయినట్టే. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది, కార్బొరేటర్ ఎంత లాగినా రాదు. కాసేపు ఆగితే సన్నగా గాలి చేరుతుంది, మళ్లీ నడుస్తుంది. ఆయన చెప్పిన లక్షణం అచ్చంగా అదే. సగం మంది చదవకుండానే దాటేశారు.

వరంగల్ మెకానిక్:
అక్కా, ఆ మాట సరైనది. దానికి ఇంకొకటి కలుపుతాను. ఆగిన వెంటనే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు అందలేదు: మూత, ఫిల్టర్, డయాఫ్రం చూడాలి. తడిగా ఉంటే స్పార్కు అనుమానించాలి. స్పార్కు ఇచ్చే కొన్ని కాయిళ్లు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక చచ్చిపోతాయి. పెట్రోలు తడి తుడిచి, డబ్బా దూరంగా పెట్టాకే స్పార్కు పరీక్షించండి.

పల్నాడు మిరప:
అందరికీ కృతజ్ఞతలు. ఆగగానే చూశాను, ప్లగ్గు పొడిగా ఉంది, మూత తిప్పితే 'స్స్' మంది. రంధ్రం నిండా మందు పొడి తెల్లగా గట్టిపడి ఉంది. మూత ఊడదీసి పెట్రోలులో నానబెట్టి, సన్న తీగతో గుచ్చి, ఊదాను. తర్వాత ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా ఆగలేదు. ఎక్సలేటర్ పూర్తిగా ఇస్తే మాత్రం ఇంకా కొద్దిగా మందగిస్తోంది.

కోనసీమ కొబ్బరితోట:
ఆ మందగింపు సైలెన్సర్ జాలీదే. మొదటి నుంచీ చెబుతున్నాను. విప్పండి.

వరంగల్ మెకానిక్:
జాలీ చూడండి, కాదనను. కానీ ఆయిల్ 40 నుంచి తగ్గించకండి.

పల్నాడు మిరప:
రేపు విప్పుతాను. బ్యాటరీ పంపు సంగతి, కిట్టు దొరికే చోటు ఎవరూ చెప్పలేదు.

నిజామాబాద్ పసుపు:
12 వోల్టుల బ్యాటరీ పంపు మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు చాలు. మిరప గుబురుగా కమ్మాక ఆకుల అడుగుకూ పూల లోపలికీ మందు చేరాలంటే తైవాన్ ఒత్తిడి కావాలి. స్ప్రేయర్ అమ్మకండి, రెండూ ఉంచుకోండి. కిట్టుకు పాతది విప్పి, కార్బొరేటర్ మీది నంబరు రాసుకుని వెళ్లండి. చూపు మీద కొంటే రంధ్రాలు కలవవు.