ఊరి జట్టా, వంతెన అవతలి జట్టా? సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి విషయంలో సలహా కావాలి

కొబ్బరితోట నాన్న (ముమ్మిడివరం దగ్గర):

మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. మూడేళ్లుగా సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసేది. ఈ ఆట చూడనివారికి ఒక మాట: ఇందులో బంతిని పైనుంచి వేయరు. చేతిని గాలిమరలా ఒక చుట్టు తిప్పి, తుంటి పక్కనుంచి విసరాలి. ఆడవాళ్ల ఆటలో పిచర్ నిలబడే పలక నుంచి బ్యాటర్ ముందుండే హోం ప్లేటుకు 43 అడుగులు. మా దొడ్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య టేపు పెట్టి కొలిచి సున్నంతో గీత గీశాను. రోజూ సాయంత్రం ఖాళీ రంగు డబ్బా బోర్లించి, దానిమీద కూర్చుని బంతులు పట్టేది నేనే. వానలకు ఆ గీత చెరిగిపోతుంది గానీ నా ఎడమ అరచేతి వాపు మాత్రం తగ్గదు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఆమెకు బంతి పట్టుకోవడం నేర్పింది ఊళ్లో పీఈటీ మాస్టారు. ఆయన జట్టులో పదకొండు మంది పిల్లలు, పిచర్ ఒక్క మా అమ్మాయే. ప్రతి ఆటా ఆడుతుంది. అయితే నేల నల్లమట్టి. జూలై వచ్చిందంటే వారంలో మూడు రోజులు మైదానంలో నీళ్లు నిలుస్తాయి, ఆట బంద్. గౌతమి అవతల నగరంలో ఒక అకాడమీ జట్టు ఉంది, పేరు చెప్పను. మే నెల టోర్నమెంటులో మా పిల్లను చూసి పిలిచారు. అక్కడ పద్దెనిమిది మంది, ఇద్దరు మంచి పిచర్లు ఇప్పటికే ఉన్నారు. మొదటి ఏడాది ఎక్కువగా బెంచీ మీదే ఉంటుందని కోచ్ ముఖం మీదే చెప్పాడు. యానాం వంతెన దాటి పోను రాను మూడు గంటలు, నెలకు 2,500 రూపాయల ఫీజు. మా తమ్ముడు పంపమంటాడు, మా ఆవిడ వద్దంటుంది. పిల్ల ఏమీ చెప్పడం లేదు. వచ్చే ఆదివారంలోగా జవాబు ఇవ్వాలి.

రిటైర్డ్ పీడీ (రామచంద్రపురం):

పంపకండి. ముప్పై ఏళ్లు పిల్లలను ఆడించినవాడిగా చెబుతున్నాను. బెంచీ మీద కూర్చున్న పిల్ల స్కోరు రాయడం నేర్చుకుంటుంది, ఆట నేర్చుకోదు. అవతలి జట్టువాళ్లు ఇద్దరు పరుగు తీయడానికి సిద్ధంగా బేసుల మీద ఉన్నారు, ఒక్క అవుటే అయింది, ఎదుట బలమైన బ్యాటర్ ఉంది. అప్పుడు గొంతులో తడి ఆరిపోతుందే, అదే పాఠం. దాన్ని నెట్స్‌లో ఎవరూ నేర్పలేరు. పైగా స్కూల్ గేమ్స్‌లో పద్నాలుగేళ్లలోపు విభాగంలో మీ పిల్లకు బహుశా ఇదే చివరి ఏడాది. తర్వాత పదిహేడేళ్లలోపు వారితో కలిపేస్తారు, అక్కడ పెద్ద పిల్లల మధ్య చోటు దొరకడమే గగనం. ఉన్న ఒక్క ఏడాదినీ బెంచీకి ఎందుకు ఇస్తారు?

భీమవరం అమ్మ:

పీడీ గారు చెప్పింది సగమే నిజం. మా పెద్దమ్మాయిని ఇలాగే ఒక పెద్ద జట్టుకు పంపాం. రెండేళ్లలో ఆడింది ఆరు ఆటలు, అవీ గెలుపు ఖాయమైన తర్వాత చివరి ఇన్నింగ్సులు. అయినా బ్యాటింగు మాత్రం పదింతలు మెరుగైంది, ఎందుకంటే రోజూ సాధనలో ఎదుర్కొన్నది గట్టి పిచర్లను. మీ ఊళ్లో మీ పిల్ల ఎవరి బంతులు ఎదుర్కొంటుంది? ఆమే వేస్తుంటే ఆమెకు వేసేవారెవరు?

ఇంత చెప్పి దాచడం ఎందుకు, మా అమ్మాయి పదో తరగతిలో ఆట మానేసింది. తప్పు జట్టుదని అనను. ఏ స్థానం కోసం పిలుస్తున్నారో, ఎన్ని ఆటలు ఇస్తారో మేం నోరు తెరిచి అడగలేదు. పెళ్లిచూపుల్లో కట్నం గురించి అడగడానికి మొహమాటపడినట్టు కూర్చున్నాం.

ఫిజియో (తణుకు):

అందరూ ఎన్ని ఆటలు అని అడుగుతున్నారు. నేను ఎన్ని బంతులు అని అడుగుతాను. పదకొండు మందిలో పిచర్ ఒక్కతే అంటున్నారు. మే నెల టోర్నమెంటులో మీ అమ్మాయి ఎన్ని బంతులు వేసింది, నాన్నగారూ?

గోదారి గట్టు:

ఇంత చర్చ దేనికండీ? ఒలింపిక్స్‌లోనే లేని ఆట. బ్యాడ్మింటన్‌లో చేర్పించండి.

రిటైర్డ్ పీడీ:

లేదని ఎవరు చెప్పారు? 1996 నుంచి 2008 దాకా ఆడారు, 2012లో తీసేశారు, టోక్యోలో మళ్లీ వచ్చింది, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో ఉంది. అయినా ఇక్కడ ఎవరూ ఒలింపిక్స్ గురించి అడగలేదు.

కొబ్బరితోట నాన్న:

ఫిజియో గారూ, మీరు అడిగాక రాత్రి స్కోరు పుస్తకం తీసి లెక్కపెట్టాను. రెండు రోజుల్లో నాలుగు ఆటలు. 88, 104, 97, 72. చివరిది మేం ఓడిన ఆట. ఏడు ఇన్నింగ్సుల ఆటలో అయిదుకే ఏడు పరుగుల తేడా రావడంతో అక్కడితో ఆపేశారు కాబట్టి 72 దగ్గర ఆగింది. మొత్తం 361. ఇవి కాక ప్రతి ఆటకు ముందు ఒళ్లు వేడెక్కడానికి వేసే బంతులు వేరే.

మరొకటి మా ఆవిడ ఇప్పుడు చెప్పింది. పిల్ల అయిదో తరగతి నుంచి తన జడ తనే వేసుకుంటుంది. ఆ టోర్నమెంటు తర్వాత వారం రోజులు అమ్మ చేత వేయించుకుందట. ముద్దు చేస్తోందని అనుకుందట మా ఆవిడ. చేయి వెనక్కి ఎత్తలేకపోయిందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఫిజియో (తణుకు):

అదే నా భయం. కింది నుంచి వేసే బంతి కాబట్టి భుజానికి ఏమీ కాదనే నమ్మకం మన కోచ్‌లలో ఇంకా ఉంది. అది తప్పు. చేయి చుట్టు తిరిగి బంతి వదిలే క్షణంలో భుజం ముందువైపు కండర బంధనం మీద పడే లాగుడు తక్కువది కాదు. పదమూడేళ్ల పిల్లకు ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి. వేగం కాళ్లలోంచి, నడుములోంచి రావాలి. అలసిపోయిన పిల్ల కాళ్లు వాడటం మానేసి చేత్తోనే లాగుతుంది. 361లో చివరి వంద బంతులు అలాంటివే అయి ఉంటాయి. ఇప్పుడు నొప్పి లేకపోయినా ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. పీడీ గారు బెంచీ శిక్ష అంటున్నారు, ఈ పిల్లకు బెంచీయే మందు కావచ్చు.

ఒకప్పటి షార్ట్‌స్టాప్ (పాలకొల్లు):

ఇంత సుకుమారమైతే ఎలాగండీ? 2008 బీజింగ్‌లో జపాన్ పిచర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు ఆటలు ఆడి 413 బంతులు వేసింది. అమెరికాను ఓడించి స్వర్ణం తెచ్చింది. మా రోజుల్లో మేమూ నొప్పి అంటే నవ్వేవాళ్లం.

ఫిజియో (తణుకు):

అప్పుడు ఉఎనోకు 26 ఏళ్లు. ఎముక ముదిరిన మనిషి, ఆటే వృత్తి. ఎనిమిదో తరగతి పిల్లతో పోలికా? పోనీ ఆమె కథే మిగతాది కూడా చెప్పండి. టోక్యోలో ఫైనల్ నాటికి ఆమెకు 39. ఆరో ఇన్నింగ్స్‌లో బంతిని ఇరవై ఏళ్ల మియు గోటో చేతికి ఇచ్చారు. చివరి ఇన్నింగ్స్‌కు ఉఎనో మళ్లీ వచ్చి ముగించింది, 2-0. ఆట మొదలుపెట్టిన పిల్ల బయటికి వెళ్లినా ఒకసారి తిరిగి రావచ్చు కదా, సాఫ్ట్‌బాల్‌లో ఆ వెసులుబాటు ఉంది. రెండో పిచర్ ఉంటేనే దానివల్ల ఉపయోగం.

రిటైర్డ్ పీడీ:

జడ సంగతి చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కొంతే. ఊరి జట్టును వదలమని ఇప్పటికీ అనను. మీ మాస్టారును రెండో పిచర్‌ను తయారు చేయమని అడగండి. పదకొండు మందిలో చేయి తిరిగే పిల్ల ఒక్కతైనా ఉండకపోదు.

భీమవరం అమ్మ:

అడిగితే ఆయన ఒప్పుకుంటారా? ఈ పిల్ల వేస్తే గెలుస్తారు, కొత్త పిల్ల వేస్తే ఓడతారు. ఆయనకు కావలసింది హెడ్మాస్టరు గది బల్ల మీద కప్పు. నేను ఆయనను తప్పు పట్టడం లేదు, ఆ కప్పు లేకపోతే వచ్చే ఏడాది బంతులకు కూడా డబ్బు రాదు. అందుకే అంటున్నాను, వంతెన దాటి వెళ్లి చెప్పాపెట్టకుండా ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడండి. మొదటి పిచర్‌ను చూడకండి. మూడో పిచర్ ఏం చేస్తోందో చూడండి, మీ పిల్ల ఉండబోయేది ఆ చోటే.

ఒకప్పటి షార్ట్‌స్టాప్ (పాలకొల్లు):

అమ్మగారి మాట బాగుంది. నా మాట కాస్త దురుసుగా వచ్చింది, ఏమీ అనుకోకండి. నా మోకాలు ఈ రోజుకీ మెట్లు ఎక్కనివ్వదు.

కొబ్బరితోట నాన్న:

శనివారం పిల్లను తీసుకుని వెళ్లాను. భీమవరం అమ్మగారూ, మీరు చెప్పినట్టే చేశాను. గంటన్నర నిలబడ్డాం. మూడో పిచర్ మా పిల్ల ఈడుదే, పొట్టి జుట్టు. గంటసేపు మిగతావాళ్లు కొట్టిన బంతులు ఏరి బకెట్లో వేసింది. చివర్లో ఒక మూల క్యాచర్‌కు పదిహేను వేసింది. అదీ సంగతి. కానీ న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. షెడ్డు గోడకు నల్లబల్ల ఉంది. దానిమీద ముగ్గురు పిచర్ల పేర్లు, ఆ వారం ఎవరు ఎన్ని బంతులు వేశారో సుద్దముక్కతో రాసి ఉంది. మొదటి పిచర్ పేరు పక్కన రెండు రోజులు ఖాళీ గళ్లు. మా ఊళ్లో అలాంటి బల్ల లేదు. మూడేళ్లు బంతులు పట్టిన నేనూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు, మాస్టారునని ఏం లాభం.

తిరుగు బస్సులో యానాం దాటాక పిల్ల నోరు విప్పింది. "వాళ్ల పిచర్ కంటే నేనే బాగా వేస్తాను" అంది. కాసేపటికి, "ఆ బల్ల బాగుంది" అంది. అంతే.

ఆదివారం మాస్టారు ఇంటికి వెళ్లాను. 361 అని చెబితే మొదట చిన్నబుచ్చుకున్నారు. "నేను బలవంతం చేశానా, అదే అడిగి వేసింది" అన్నారు. అదీ నిజమే. జడ విషయం చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి సెకండ్ బేస్‌లో ఆడే ఎడమచేతి పిల్లను ప్రయత్నిద్దామన్నారు. ఒక రోజులో ఒక ఆట కంటే ఎక్కువ మా పిల్ల చేత వేయించనని మాట ఇచ్చారు. సెప్టెంబరు పోటీల్లో ఓడిపోతామేమోనని నసిగారు కూడా. అకాడమీకి ఫోను చేసి ఈ ఏడాదికి రాలేమని చెప్పాను. వచ్చే ఏడాది సంగతి పిల్ల చెబుతుంది. డాక్టరు దగ్గరికి గురువారం వెళ్తున్నాం.

రిటైర్డ్ పీడీ:

మాట ఇచ్చారు సరే, నాకౌట్ ఆటలో స్కోరు సమంగా ఉన్నప్పుడు ఆ మాట నిలుస్తుందా అన్నదే అనుమానం. నేనైతే నిలబెట్టుకునేవాడినని చెప్పలేను. స్కోరు పుస్తకం మీరే పట్టుకుని బెంచీ పక్కన కూర్చోండి.

ఫిజియో (తణుకు):

నల్లబల్ల కొనండి. వంద రూపాయలకు వస్తుంది.

కొబ్బరితోట నాన్న:

కొన్నాం. కొబ్బరిచెట్టుకు మేకు కొడితే మా ఆవిడ ఊరుకోలేదు, తాడుతో కట్టాం. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు బంతులు పడుతున్నాను. మా అమ్మాయి పక్కన నిలబడి ఆ ఎడమచేతి పిల్లకు మాస్టారులాగే గదమాయిస్తూ చెబుతోంది. ఆ పిల్ల బంతి ఎటు వస్తుందో దానికే తెలియదు. నిన్న ఒకటి మట్టకు తగిలి, నా తల మీదుగా వెళ్లి పంటబోదెలో పడింది. పూర్తిగా నానిపోయింది. ఎండబెట్టి వాడొచ్చా?

ఒకప్పటి షార్ట్‌స్టాప్ (పాలకొల్లు):

వాడకండి. నీళ్లు తాగిన బంతి బరువెక్కుతుంది, ఆ బరువంతా మళ్లీ భుజం మీదే. నా దగ్గర వాడని బంతులు రెండున్నాయి. చిరునామా విడిగా పంపండి, బస్సులో వేస్తాను.