"సరసమైన టీవీ" అంటే ఏంటండీ?

పదడుగుల హాలు:
అందరికీ నమస్కారం. చిన్న డౌటే కానీ వారం రోజుల్నించి బుర్ర తినేస్తోంది. మేం కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటాం, పాత టీవీ పోయింది, కొత్తది చూద్దామని ఫోన్లో షాపింగ్ యాప్ తెలుగులో పెట్టుకుని వెతుకుతుంటే ఒకచోట పెద్దక్షరాలతో "చిన్న ఇంటికి సరసమైన టీవీ" అని వచ్చింది. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి "సరసాలాడే టీవీ మనకెందుకురా, సీరియళ్లు వస్తే చాలు" అంది. పైగా "చిన్నిల్లు" కూడా తోడయ్యేసరికి మా ఆవిడ ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

కానీ నా ప్రశ్న వేరే. చిన్నప్పుడు బట్టల షాపుల బోర్డుల మీద "సరసమైన ధరలకు లభించును" అని రోజూ చదివేవాళ్లం కదా, అప్పుడు ఒక్కరికీ నవ్వు రాలేదే? ఇప్పుడెందుకొచ్చింది? ఇంగ్లీషులో అఫర్డబుల్ అంటారే, దానికి అసలు మన మాటేంటి?

రిటైర్డ్ తెలుగు పంతులు:
బాబూ, బోర్డు మీద సరసమైనది ధర. నీ యాడ్‌లో సరసమైనది టీవీ. తేడా అంతా అక్కడే ఉంది. రసంతో కూడింది సరసం, కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ రుచించే ధర కాబట్టి సరసమైన ధర అన్నారని నాకు తోస్తుంది. ధరకి పెట్టాల్సిన మాటని తీసుకెళ్లి వస్తువుకి తగిలిస్తే ఇలాగే ఉంటుంది. నయం అనే మాట చూడు. "బజార్లో కంటే నయంగా దొరికింది" అంటే చవగ్గా దొరికిందని. అదే "నయమైన టీవీ" అన్నావనుకో, జబ్బు చేసి కోలుకున్న టీవీ అవుతుంది.

కరీంనగర్ అక్క:
నయమైన టీవీ 😂 మా ఇంట్లున్నది గదే, రెండుసార్లు రిపేరై వచ్చింది.
మా దిక్కు గింత లొల్లి లేదన్నా. అగ్గువ, పిరం, రెండే ముక్కలు. "టీవీ అగ్గువకొచ్చింది" అంటే ఎవ్వలు నవ్వరు. రేటు ఎక్కువైతే "మస్తు పిరముంది" అంటం. పిరం అంటే ప్రియమే కద పంతులు గారూ?

రిటైర్డ్ తెలుగు పంతులు:
అవునమ్మా, ప్రియమే పలుకుబడిలో పిరం అయింది. మా వైపు కూడా పాతవాళ్లు "బియ్యం ప్రియమైపోయాయి" అనేవాళ్లు.

హోసూరు నుంచి:
మా ఇళ్లల్లో తెలుగు, వీధిలో కన్నడం, తమిళం. కన్నడంలో అగ్గ అంటే చవకే. అక్క అగ్గువ అనగానే మాకు వెంటనే తెలిసిపోయింది.

పదడుగుల హాలు:
అగ్గువ బావుంది అక్కా, రేపట్నించి వాడతా. కానీ అది చవక లాంటిదే కదా, నాకు చవక అంటేనే భయం. పోయిన టీవీ ఎవరో చెప్పారని పేరు వినని కంపెనీది పదివేల లోపు కొన్నా, ఏడాది వారంటీ, పద్నాలుగో నెల్లో స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడింది. ముందు వెంట్రుక లావు, పదిరోజులకి వేలెడు మందం, వార్తలు చదివే ఆవిడ సగం మొహం గీత వెనకాలే. మెకానిక్ వచ్చి ప్యానెల్ మార్చాలన్నాడు, దానికి చెప్పిన రేటుకి ఇంకొంచెం వేస్తే కొత్త టీవీ వచ్చేస్తుంది. చవకకి "బారు" ఊరికే తగిలించలేదు మనవాళ్లు, చవకబారు అంటే ఇదే అని ఆ రోజు అర్థమైంది. అందుకే నాక్కావాల్సింది చవక కాదు, నా జేబు తట్టుకోగలిగింది. దానికి మాట అడుగుతున్నా.

మిర్చి యార్డ్:
గిట్టుబాటు ధర అంటే సరిపోదా బ్రదర్?

రిటైర్డ్ తెలుగు పంతులు:
యార్డు పేరు పెట్టుకుని మీరే అలా అంటే ఎలాగండీ. గిట్టుబాటు అమ్మేవాడి మాట. రైతు "గిట్టుబాటు కాలేదు" అన్నాడంటే పెట్టిన పెట్టుబడి రాలేదని. "ఆ రేటుకి నాకు గిట్టదు" అని షాపువాడు అనాలి, మనం కాదు.

మిర్చి యార్డ్:
ఒప్పుకున్నా మాస్టారూ. క్వింటాల్ రేటు తప్ప ఇంకోటి తలకెక్కట్లేదు ఈమధ్య.

భీమిలి పిన్ని:
ఇంతసేపూ అందరూ ధర గురించే మాట్లాడుతున్నారు, కొనేవాణ్ణి వదిలేశారు. మా అమ్మమ్మ ఏది కొనాలన్నా ఒకటే అడిగేది, "దానికి మనం తూగగలమా?" అని. తక్కెడలో ఒకవైపు వస్తువు, ఇంకోవైపు మనం. అదే టీవీకి పక్కింటాయన తూగుతాడు, నేను తూగను. అందుకే టీవీ ముందు తగిలించడానికి మాట దొరకట్లేదు నీకు, అది టీవీ గుణం కాదు నాయనా. తాహతు, స్తోమత అన్నా అంతే, అవి కూడా మనిషివే.

పదడుగుల హాలు:
పిన్నిగారూ 🙏 ఇది మా అమ్మకి చదివి వినిపించా. "మీ నాన్న కూడా అదే మాట అనేవారు, నువ్వే మర్చిపోయావు" అంది.

ఇక టీవీ సంగతి. 32 అంగుళాలది తీసుకుందామా 43 తీసుకుందామా అని నేను యాప్‌లో తలకిందులవుతుంటే అమ్మ గోడ మీద జాన వేసి కొలిచింది. 32 అంటే అడ్డంగా మూడు జానలు, పైన మూడు వేళ్లు. 43 అంటే నాలుగు జానలు, పైన దాదాపు బెత్తెడు. ఆ అంగుళాలు అడ్డంగా కొలిచినవి కావు, ఈ మూల నుంచి ఆ మూలకి, లెక్కల్లో చెప్పే కర్ణం. పాత న్యూస్‌పేపర్లు ఆ సైజుకి టేపుతో అతికించి సోఫాలో కూర్చుని చూశాం, మా సోఫాకీ గోడకీ మధ్య ఏడడుగులు, 32 అయితే కింద పోయే స్క్రోలింగ్ అమ్మకి కనపడేట్టు లేదు. ఇంకోటి, ఇదివరకు 32 దాటితే జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 చేశారు, ఇప్పుడు రెండిటికీ ఒకటే పన్ను. ఆ తేడా పోయాక 43 ఫుల్ హెచ్‌డీకి కిందా మీదా పడితే తూగేట్టున్నాం, 4కె మాత్రం ఆశపడలేదు.

మిర్చి యార్డ్:
గోడ స్టాండు, బిగింపు ఖర్చు అడిగావా? కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు నేను టీవీ బేరమాడి రెండేళ్ల ఎక్స్‌ట్రా వారంటీ కొసరు అడిగా, షాపువాడు నవ్వి స్టాండుకి కూడా డబ్బులు తీసుకున్నాడు.

పదడుగుల హాలు:
అడగలేదు!! ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

కరీంనగర్ అక్క:
ఎంతకొచ్చిందో జర గ్రూపుల చెప్పన్నా, మా హాలు గూడ గంతే ఉంటది.