‘రా’ అని రాస్తే తెలుగులో ఏమని చదవాలి?

ఫ్రిస్కో నుంచి:
గ్రూపులో పెద్దలకు ఒక చిన్న సందేహం. మావాడికి పదహారేళ్ళు, ఇక్కడ అమెరికాలో హైస్కూలు బేస్‌బాల్ జట్టులో సెంటర్ ఫీల్డ్, అంటే బయటి మైదానం మధ్యలో, ఆడతాడు. మొన్న ఒక శిబిరానికి వెళ్తే చివర్లో కాగితం ఒకటి చేతికిచ్చారు. పరుగు దగ్గర 70, బ్యాటింగ్ దగ్గర 30 వేసి, కింద ఒక్క మాట రాశారు: ‘రా’. ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరుంటున్న నాన్నకు చదివి వినిపించాను. “రా అన్నారంటే రమ్మన్నట్టేగా, ఇంకేం!” అని సంబరపడ్డారు. అది ఇంగ్లీషు మాట నాన్నా, పచ్చి అని అర్థం అన్నాను. ఆయన మొహం మారిపోయింది. “పచ్చి ఏంట్రా? పచ్చి దొంగా, పచ్చి తాగుబోతా? పిల్లాణ్ణి పట్టుకుని అనే మాటేనా అది?”

డిక్షనరీ చూస్తే పచ్చి అనే ఉంది. కానీ నాన్న అన్నదాంట్లోనూ న్యాయం ఉందనిపిస్తోంది. ఒడుపు ఇంకా రాలేదు గానీ సరుకున్న కుర్రాణ్ణి మనవాళ్ళు ఏమంటారు?

తెనాలి మాస్టారు:
మీ నాన్నగారి చెవి సరిగ్గానే పట్టింది. పచ్చి అన్న మాట వస్తువు ముందు చేరితే ఇంకా కాగలేదు, కాలలేదు, ఎండలేదు, మాగలేదు అని. పచ్చి పాలు, పచ్చి ఇటుక, పచ్చి కట్టె, పచ్చి మామిడికాయ. అదే మనిషి గుణాన్ని చెప్పే మాట ముందు చేరిందా, నిలువెల్లా అదే అని అర్థం. పచ్చి మోసగాడు, పచ్చి అవకాశవాది. పచ్చి అబద్ధమంటే ఉడకని అబద్ధం కాదు కదా, రవ్వంత నిజం కూడా కలవనిది. కాబట్టి ‘పచ్చి ఆటగాడు’ అంటే అనుభవం లేనివాడని ఎవరికీ తోచదు, అందరితో ఆటలాడే రకమని తోస్తుంది. మనిషికి చేరినా తిట్టు కానిది నాకు తట్టినంతలో ఒక్కటే, పచ్చి బాలింత. అక్కడ పచ్చిదనం ఒంటిది, గుణానిది కాదు.

వరంగల్ నుంచి:
అన్నా, మా దిక్కు కచ్చా అని కూడా వాడతారు. కచ్చా రోడ్డు, కచ్చా బిల్లు. అది కూడా పిల్లగాని మీద వాడరు లెండి. ‘సానబట్టని వజ్రం’ అంటే అయిపోతుంది కదా?

ఫ్రిస్కో నుంచి:
తమ్ముడూ, అది పేపర్లలో వాడి వాడి అరిగిపోయింది. పైగా వజ్రమని అన్నాక ఇంక తేల్చేదేముంది? సానబడితే మెరుస్తుందని ముందే ఒప్పేసుకున్నట్టు. ఆ కాగితం రాసినాయన అంత మాట ఇవ్వలేదు. వజ్రమో గాజుపెంకో నాకూ తెలియదు, కన్నతండ్రిని కాబట్టి అసలే తెలియదు.

హ్యూస్టన్ నుంచి:
బేస్‌బాల్ పిచ్చి ఉన్నదాన్ని, కాస్త కలగజేసుకుంటాను. ముందు ఆ అంకెల సంగతి. అవి నూటికి వేసిన మార్కులు కావు. స్కౌట్లు, అంటే కుర్రాళ్ళ ఆట చూసి జట్లకు అంచనా రాసిచ్చేవాళ్ళు, వాళ్ళ లెక్క 20 దగ్గర మొదలై 80 దగ్గర ఆగుతుంది. 50 అంటే ఇక్కడి అన్నిటికంటే పై స్థాయి మేజర్ లీగ్‌లో ఆడేవాళ్ళ సగటు. అందుకే 30 చూసి మరీ టెన్షన్ పడకండి, ఆ వయసులో చాలామందికి అదే పడుతుంది. 70 మాత్రం మామూలు సంగతి కాదు.

ఔట్‌ఫీల్డర్‌లో ఐదు చూస్తారు: బంతిని తగిలించడం, దూరం కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు. ‘రా’ అని ఎప్పుడు రాస్తారంటే, ఒళ్ళు ఇచ్చినవి ఉండి, ఆట నేర్పాల్సినవి ఇంకా రానప్పుడు. అది మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు.

తాతగారు ‘పచ్చి దొంగ’ అన్నారు చూడండి, ఈ ఆటలో అంతకంటే పెద్ద మెప్పు లేదు! బేస్‌లను దొంగిలించడమేగా వేగమున్నవాడి పని, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం. రికీ హెండర్సన్ 1,406 దొంగిలించాడు, ఇప్పటికీ అదే రికార్డు. కానీ ఒక చిక్కుంది. మొదటి బేస్‌ను ఎవడూ దొంగిలించలేడు. అక్కడికి చేరాలంటే బంతిని కొట్టాలి, లేదా చెడ్డ బంతుల్ని వదిలేసే ఓపిక ఉండాలి. బిల్లీ హామిల్టన్‌నే చూడండి. 2012లో మేజర్ లీగ్ కింద ఉండే మైనర్ లీగుల్లో ఒక్క సీజన్‌లో 155 బేస్‌లు దొంగిలించి, 1983 నుంచీ నిలిచిన విన్స్ కోల్‌మన్ 145 రికార్డు బద్దలు కొట్టాడు. అప్పటిదాకా షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య, ఆడుతున్నవాణ్ణి సిన్సినాటి రెడ్స్ సెంటర్ ఫీల్డ్‌కు మార్చారు. 2014 నుంచి మేజర్ లీగ్‌లో నాలుగేళ్ళు వరసగా 56, 57, 58, 59 బేస్‌లు దొంగిలించాడు. ఫీల్డింగ్ కళ్ళకు పండగ. బ్యాటింగ్ సగటు మాత్రం 0.240 దగ్గరే, అంటే నూటికి ఇరవై నాలుగు హిట్ల దగ్గరే, తచ్చాడింది. అతని పరుగు గురించి స్కౌట్లు చెప్పింది అక్షరాలా నిజమైంది. పరుగుతో పాటు మిగతాది కూడా వచ్చేస్తుందన్న ఆశే తీరలేదు.

వేగం ఒక్కటే చాలనుకుంటే హెర్బ్ వాషింగ్టన్ కథ ఉంది. పరుగు పందేల మనిషి. 1974లో ఓక్లాండ్ ఏస్ యజమాని చార్లీ ఫిన్లీ ఇతన్ని కేవలం వేరొకరి బదులు పరిగెత్తడానికి జట్టులోకి తెచ్చాడు. మొత్తం 105 మ్యాచ్‌ల్లో కనిపించాడు, ఒక్కసారి కూడా బ్యాట్ పట్టుకుని నిలబడలేదు. 1974లో మేజర్ లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్, చివరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకబడి ఉండగా ఇతన్ని మొదటి బేస్ మీదికి పంపారు. ఇతను బేస్ వదిలి కాస్త ముందుకు జరిగి ఉండగా, బంతి వేసే పిచ్చర్ మైక్ మార్షల్ చటుక్కున తిరిగి మొదటి బేస్‌కు విసిరాడు, ఔట్. కాళ్ళు ఎంత వేగంగా ఉంటే ఏం, ఎప్పుడు కదలాలో తెలియాలిగా.

తెనాలి మాస్టారు:
లేడికి లేచిందే పరుగు!

హ్యూస్టన్ నుంచి:
భలే అన్నారు మాస్టారూ. ఔట్‌ఫీల్డ్‌లో కూడా ఆ సామెతే చెప్పాలి. బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు వినగానే లేడిలా దూకేస్తారు ఈ కుర్రాళ్ళు, అదీ తప్పు దిక్కుకు. తర్వాత వేగంతో సర్దుకుని, డైవ్ కొట్టి పట్టేస్తారు. గ్యాలరీలో మనం చప్పట్లు కొడతాం. స్కౌట్ మాత్రం మొదటి అడుగు ఎటు పడిందో రాసుకుంటాడు. అనుభవమున్నవాడు అదే క్యాచ్‌ను నిలబడి పడతాడు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. లొరెంజో కెయిన్ ఫ్లోరిడాలో చిన్న ఊరి పిల్లాడు. బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకోకపోతే, హైస్కూల్లో ఉండగా బేస్‌బాల్‌కు వచ్చాడు. అప్పటికి సొంత గ్లవ్ కూడా లేదు. 2004 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేచోట, మిల్వాకీ వాళ్ళు తీసుకున్నారు, అదీ 17వ రౌండ్‌లో. మేజర్ లీగ్‌కు వచ్చేసరికి 2010. 2015లో కాన్సాస్ సిటీ తరఫున అమెరికన్ లీగ్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో, తోటి ఆటగాడు హాస్మర్ కొట్టిన సింగిల్‌కు (కొట్టినవాడు ఒక్క బేస్ చేరే దెబ్బ) మొదటి బేస్ నుంచి ఆగకుండా ఇంటిదాకా, అంటే హోమ్ ప్లేట్ దాకా, వచ్చేశాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ వాళ్ళదే. కాళ్ళు మొదటి నుంచీ ఉన్నవే. మిగతాది నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది.

తెనాలి మాస్టారు:
ఈ హామిల్టన్, కెయిన్‌ల సంగతి విన్నాక ఒకటి తోచింది. ‘రా’ అన్న ఒక్క మాటలో మన రెండు మాటలు ఇరుక్కున్నాయి. మామిడిని చూడండి: పిందె, కసుగాయ, దోరకాయ, పండు. ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, గడ్డిలో వేసి ఊరుకుంటే దానంతటదే మాగుతుంది. ఇంకోటి ముడి. ముడి చమురు, ముడి ఇనుము. వందేళ్ళు అలా వదిలేసినా ముడిగానే ఉంటుంది, ఎవరో ఒకరు శుద్ధి చేయాల్సిందే. మీవాడి ఒంటి బలానికైతే పచ్చి సరిపోతుంది, ఇరవై ఏళ్ళకు భుజాలు వాటంతటవే నిండుతాయి. బ్యాటింగ్‌కు ముడి అనాలేమో. పరుగుకు ఈ రెండూ కుదరవు, అది పండుగానే పుట్టింది.

చేవ అని ఇంకో మంచి మాట ఉంది. చెట్టు లోపల గట్టిపడ్డ భాగం. లేత కర్రను ‘ఇంకా చేవ తేలలేదు’ అంటారు. అయితే అది బలానికి చెప్పే మాట, ఒడుపుకు కాదు.

వరంగల్ నుంచి:
‘ముడి ఆటగాడు’ అంటే మాత్రం గోనె సంచిలో కట్టి పంపినట్టుంది మాస్టారూ 😄

ఫ్రిస్కో నుంచి:
ఇదంతా రాత్రి భోజనాల దగ్గర నాన్నకు చదివి వినిపించాను. అంతా విని, “కాడి మరగలేదు అనక ఇన్ని తిప్పలెందుకు?” అన్నారు.

ఆయన చిన్నప్పటి నుంచీ ఎడ్ల మనిషి. కోడెను ఎలా చూస్తారో చెప్పుకొచ్చారు. ముందు పళ్ళు. బండలాగుడు పోటీల్లో ఇప్పటికీ పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలుంటాయి కదా, రెండు పళ్ళదాన్ని తెచ్చి ఆరు పళ్ళదానితో పోల్చేవాడు బేరానికి పనికిరాడట. తర్వాత కాళ్ళు, గిట్టలు, ఛాతీ, నడక. “పరుగు చూసి కొన్నవాడు మాత్రం మునిగిపోతాడు. కట్టు విప్పితే ఏ కోడె అయినా పరిగెత్తుద్ది. అరక కట్టి నాలుగు సాళ్ళు తోలాలి. కొత్తది గదా, సాలు తప్పుద్ది. తప్పితే తప్పు కాదు. అదిలిస్తే మళ్ళీ సాల్లోకి వస్తుందా, మెడ విదిలించుకుని పోద్దా, అదీ చూడాల్సింది.” రెండో రోజు కూడా తోలకుండా ఆయన ఎప్పుడూ బేరం ఖాయం చేయలేదట. మొదటి రోజు బెదురుతో కూడా బుద్ధిగా నడుస్తాయట కొన్ని.

హ్యూస్టన్ నుంచి:
తాతగారికి నా దండాలు చెప్పండి. మంచి స్కౌట్లు కూడా ఒక్క మ్యాచ్ చూసి వెళ్ళిపోరు. బయటికి వంగే బంతికి మూడుసార్లు గాల్లో ఊపినవాడు నాలుగోసారి ఏం చేశాడు, పది రోజుల తర్వాత ఏం చేస్తున్నాడు అని చూస్తారు. ఆ 30 పెరుగుతుందా లేదా అన్నది తెలిసేది అక్కడే. మీవాణ్ణి చూసినవాళ్ళు ఎన్ని రోజులు చూశారు?

ఫ్రిస్కో నుంచి:
ఒక్క పూట అక్కా.

తెనాలి మాస్టారు:
‘కాడి మరగని కోడె’. నా ఓటు దీనికే. తిట్టు లేదు, పొగడ్త లేదు, పైగా పని మిగిలి ఉందని చెబుతోంది. ఇక్కడ మరగడమంటే అలవాటు పడటం, రుచి మరిగిన పిల్లి అంటామే, అది. పాలు మరగడం వేరే సంగతి. రెండూ ఒకే మాట నుంచి వచ్చాయని ఎవరైనా రాస్తారేమోనని ముందే చెబుతున్నాను, ఆధారం లేకుండా నేను ఒప్పుకోను.

ఫ్రిస్కో నుంచి:
నాన్న ఆ కాగితం తీసుకుని ‘రా’ పక్కన పెన్నుతో ‘కాడి మరగలేదు’ అని రాసి ఫ్రిజ్‌కు అతికించారు. మావాడికి తెలుగు చదవడం రాదు. ఏం రాశావు తాతా అని పొద్దున్నుంచీ అడుగుతున్నాడు. కాడి అంటే ఏమిటో చెప్పడానికి యూట్యూబ్‌లో ఎడ్ల వీడియో వెతుకుతున్నాం.

వరంగల్ నుంచి:
అన్నా, మా దిక్కు దీనికి ఇంకో మాట ఉన్నట్టుంది. మా మామకు ఎడ్లున్నాయి, అడిగి రేపు పెడతా.