‘బీటెన్ అప్’ అని రాసే ముందు

తమ్ముడూ, నీ జాబు చదివాను. నిద్ర లేదు, పరీక్ష పోయింది, ఇంటి మీద బెంగ. అదంతా కలిపి ప్రొఫెసర్‌కు ‘బీటెన్ అప్’ అయ్యానని రాశావు. ఆయన కంగారుపడి, ఎవరు కొట్టారు, పోలీసులకు చెప్పావా అని అడగడంలో వింత లేదు. ఇక్కడ అమెరికాలో ఆ మాట వింటే ముందు తోచేది దెబ్బలే.

మన కోనసీమలో ఒంటికీ మనసుకూ పంటకూ ఒకటే మాట, ‘కుదేలవడం’. 1986 వరదకు లంక గ్రామాలు కుదేలయ్యాయి, 1996 నవంబరు తుపానుకు కొబ్బరి తోటలు నేలకూలి రైతులు కుదేలయ్యారు. పరీక్ష తప్పిన పిల్లవాడూ కుదేలవుతాడు, భర్త పోయిన పక్కింటి పిన్నిగారూ కుదేలవుతుంది. వినేవాళ్లెవరూ గాయాలు వెతకరు, వచ్చి పక్కన కూర్చుంటారు. నువ్వూ ఆ అలవాటుతోనే రాశావు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కానీ ఆ చివరి ‘అప్’ దగ్గర జాగ్రత్త. అది లేకుండా ‘ఐ యామ్ బీట్’ అంటే బాగా అలసిపోయావని మాత్రమే. ‘బీటింగ్ మైసెల్ఫ్ అప్’ అంటే నిన్ను నువ్వే నిందించుకుంటున్నావని. దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశావా, ‘బ్రోక్ డౌన్’ అను. మగపిల్లలు కూడా అనవచ్చు.

ఆస్పత్రిలో మాత్రం ఈ నుడికారాలేవీ వద్దు. ఎన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు, అన్నం సయిస్తోందా, ఎక్కడ నొప్పి, అంతే చెప్పు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో, దాడి వల్ల అయిన గాయాలకు వైద్యం చేస్తే డాక్టరు పోలీసులకు తెలపాలి. ఇంట్లో భద్రంగా ఉన్నావా అని అడిగితే నొచ్చుకోకు, చాలామందిని అడిగే ప్రశ్నే అది. నిజంగా ఎవరైనా చెయ్యి చేసుకుంటే అప్పుడు ‘బీటెన్ అప్’ అనే చెప్పు, దాచకు. మాటలు తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడుగు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఆ సాయం ఉచితంగా చేయాలి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. బతకాలని లేదనిపిస్తే, అలాంటివాళ్లకు సాయం చేసే 988 నంబరుకు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే. 2022 జులై నుంచి అమెరికా అంతటా ఆ నంబరు పనిచేస్తోంది. ఇంగ్లీషు బాగా రాకపోయినా మొహమాటపడకు.

ప్రొఫెసర్‌కు ఈ పూటే మళ్లీ రాయి: నన్నెవరూ కొట్టలేదు, నిద్ర లేక పరీక్ష పోయింది, మీతో మాట్లాడడానికి కొంచెం సమయం ఇవ్వండి అని.