అన్న మందు వల్ల కోరిక పోయిందంటున్నాడు, డాక్టర్‌కి చెప్పనా వద్దా?

కావలి తమ్ముడు:
మా అన్నకి 31 ఏళ్ళు. స్కిజోఫ్రీనియా అని తేలి ఆరేళ్ళయింది, రిస్పెరిడోన్ వాడుతున్నాడు. చెవిలో గొంతులు వినపడటం ఆగింది, నాన్నతో పాటు రొయ్యల చెరువు దగ్గరికి పోతున్నాడు. వదినకి అన్నీ చెప్పే పెళ్ళి చేశాం. పోయిన నెల నాతో ఒంటరిగా అన్నాడు, "కోరికే లేదురా, ఒళ్ళు సహకరించట్లేదు" అని. శనివారాలు మాత్ర మింగట్లేదట. అమ్మకి చెబితే, "బుద్ధి నిలబడింది, ఇంకేం కావాలి" అంటుంది. డాక్టర్‌కి నేను చెప్పొచ్చా?

ఒంగోలు మాస్టారు:
కదిలించొద్దు అబ్బాయ్. మా మేనల్లుణ్ణి ఏఎస్ పేట దర్గాకి, గొలగమూడికి తిప్పి తిప్పి చివరికి డాక్టర్ దగ్గరికి తెచ్చేసరికి మూడేళ్ళు పోయాయి. ఒక మందు కుదిరాక దాన్ని మార్పించాం, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చాడు. ఆ రాత్రులు మీరు చూసుంటే ఇలా అడగరు. పడకసుఖం తర్వాత, ముందు మనిషి దక్కాలి.

గూడూరు మందులషాపు:
మాస్టారి భయం నిజమే కానీ, ఆ కుర్రాడు ఇప్పటికే వారానికో రోజు మాత్ర మానేస్తున్నాడు. అడగకపోతే ఇంకో రోజు మానేస్తాడు. రిస్పెరిడోన్ మెదడులో డోపమైన్ అనే రసాయనానికి అడ్డుపడుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌కి కళ్ళెం ఆ డోపమైనే. కళ్ళెం వదులైతే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, కోరిక తగ్గుతుంది, మగవాళ్ళకి అంగస్తంభన దెబ్బతింటుంది. ఒక్క శనివారం మానితే అది దిగదు, జబ్బు తిరగబెట్టే ప్రమాదం మాత్రం మిగులుతుంది. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. డోసు తగ్గించడమో, అరిపిప్రజోల్ లాంటిదానికి మార్చడమో డాక్టరే చూస్తారు. అన్నిటికీ మాత్రే కారణమనీ అనను. జబ్బు, దిగులు, షుగరు, సిగరెట్టు, వీటిలో ఏదైనా కావచ్చు.

పేరు చెప్పను, కందుకూరు వైపు:
ఆ జబ్బు నాకే ఉంది కాబట్టి రాస్తున్నా. పది నెలలు నెలసరి రాలేదు. మా అత్త కడుపనుకుని చుట్టాలందరికీ చెప్పేసింది. తర్వాత రొమ్ముల్లో పాలొచ్చాయి, బిడ్డ లేదు. ఏ నోటితో చెప్పను? డాక్టర్ గదిలో అమ్మ పక్కనే కూర్చునేది. నిద్ర పడుతుందా, అన్నం తింటున్నావా, ఇవే ప్రశ్నలు. చివరికి చీటీ మీద రెండు లైన్లు రాసిచ్చా. మందు మారాక రెండు నెలలు కాళ్ళు ఒకచోట నిలవనిచ్చేవి కావు, నరకం. అయినా మార్చుకున్నందుకు బాధ లేదు.

తమ్ముడూ, నువ్వు చెప్పొద్దు. మీ అన్న మాటని నీ మాట చేసెయ్యకు, అతన్నే చెప్పనివ్వు. మన చికిత్స సంగతి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. మాస్టారూ, మనిషి దక్కాలంటున్నారు, మనిషంటే అన్నం, నిద్ర మాత్రమేనా?

పొదిలి రైతు:
ఏమీ అనుకోవద్దు. కోరిక లేకపోతేనే నయం కదా. పిల్లలు పుడితే వాళ్ళకీ వస్తుంది. ఆపరేషన్ చేయిస్తే పోయె.

గూడూరు మందులషాపు:
తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం దాదాపు నూటికి పది. అంటే తొంభై మందికి రాదు. మానసిక జబ్బుకి చికిత్స అని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని ఆ 2017 చట్టమే నిషేధించింది, గొలుసులు వేయడంతో పాటు.

ఒంగోలు మాస్టారు:
ఆపరేషన్ మాట నేనూ ఒప్పుకోను. కానీ ఈ సంగతి కాగితాల మీదకెక్కితే ఆ పిల్ల విడాకులకి పోదా?

గూడూరు మందులషాపు:
జబ్బు పేరు చూపించినంత మాత్రాన విడాకులు ఇవ్వరు మాస్టారూ. 2013లో సుప్రీంకోర్టు డాక్టర్ దంపతుల కేసులో, చికిత్సతో అదుపులో ఉండే జబ్బే అని భర్త అడిగిన విడాకులు కాదంది.

కందుకూరు వైపు:
కోర్టు సంగతి అలా ఉంచండి. ఇంతమంది ఇంతసేపు మాట్లాడాం, ఆ వదినని ఎవరైనా అడిగారా?

కావలి తమ్ముడు (పది రోజుల తర్వాత):
లేదక్కా, నాకు తట్టలేదు. గురువారం ముగ్గురం వెళ్ళాం. నేను బయట బెంచీ మీద కూర్చున్నా, వదిన లోపలికెళ్ళింది. పావుగంట పట్టింది. ప్రొలాక్టిన్ పరీక్ష రాశారు, మందు ఇంకా మార్చలేదు. అమ్మకి షుగర్ టెస్టని చెప్పాం.

ఒంగోలు మాస్టారు:
మార్చేటప్పుడు మెల్లగా మార్చమను. శనివారం మాత్ర సంగతీ చెప్పాడా?

కావలి తమ్ముడు:
అది వదినే చెప్పింది. ఆమెకి ముందే తెలుసంట.